నానని గింజ

అనగనగా, గుర్రాలు తినే గింజను రాజులు కూడా ఇష్టంగా తినే కాలంలో, చిత్రగిరి అనే రాజ్యం ఉండేది. ఆ నేల ఎర్రనేల, రాతినేల. అక్కడ వరి పండదు, చెరకు పండదు. ఉలవలు మాత్రం పండుతాయి. అందుకని రాజుగారి గుర్రానికీ ఉలవలే, రాజుగారికీ ఉలవలే. తేడా అల్లా పోపులోనే!

ఆ పోపు పెట్టే చెయ్యి ఓబుళమ్మది. మొగుడు చిన్ననాడే పోయాడు. పిల్లలు లేరు. ముప్పై ఏళ్ళుగా రాచవంటశాలలోని పొయ్యే ఆమెకు ఇల్లూ వాకిలీ.

పొద్దు వాలగానే ఆమె ఉలవలు చేటలో పోసుకుని చెరిగేది. రాళ్ళూ మట్టిబెడ్డలూ ఏరేది. మూడు నీళ్ళు కడిగి కుండలో నానబోసేది. తెల్లవారి మూత తీసినప్పుడు మాత్రం ఆమె ఒళ్ళు జలదరించేది. నిన్న సగం కుండ ఉన్నవి ఇవాళ అంచు దాకా ఉబ్బి ఉండేవి. గుడ్డలో మూటగడితే మర్నాటికి ఒక్కోదానికీ తెల్లటి మొలక.

"ఏడాదిగా చచ్చినట్టు పడున్నది, గుక్కెడు నీళ్ళు తాగి లేచి కూచుంది. ఎంత వింత తల్లీ!" అని కుండకు దండం పెట్టేది.

"ఉలవలకు మొక్కేదానివి ఈ లోకంలో నువ్వొక్కదానివే ఓబుళక్కా!" అని వంటశాల పెత్తందారు భోగయ్య నవ్వేవాడు.

ప్రతి కుండలోనూ నానని గింజలు నాలుగైదు ఉండేవి. ఎన్ని నీళ్ళు పోసినా అవి నిన్నటిలాగే గట్టిగా, నున్నగా ఉండేవి. పంటికింద పడితే పన్ను ఊడుతుంది. అందుకని ఓబుళమ్మ నానిన గింజలను వేళ్ళతో తడిమి, గట్టివాటిని ఏరేసేది. ఏరేసేది గానీ పారేసేది కాదు. ఆరబెట్టి ఉట్టి మీద ఉన్న చిన్న కుండలో వేసేది. "నానని గింజను పారెయ్యొద్దే అమ్మాయీ, దాని వాన దానికుంటుంది" అని చిన్నప్పుడు వాళ్ళ అవ్వ చెప్పింది. ఆ మాటకు అర్థం ఓబుళమ్మకు తెలియదు. అయినా అవ్వ మాట కదా అని దాచేది. ముప్పై ఏళ్ళకు ఆ కుండ నిండింది.

ఆ రాజ్యాన్ని ఏలే వీరకేతు మహారాజు మంచివాడే. కాకపోతే ముక్కుమీద కోపం. కాదన్న మాట ఆయన చెవికి సోకకూడదు. ఒకనాటి ఉదయం ఆయన ఉలవమొలకలూ కొబ్బరికోరూ కలిపి పిడికెడు నోట్లో వేసుకున్నాడు. కటుక్కుమంది! దవడపన్ను అంచు విరిగింది. ఉమ్మి చూస్తే ఓ చిన్న ఉలవగింజ. ఆ రోజు ఓబుళమ్మ వేళ్ళను దాటిపోయింది అదొక్కటే. పన్ను విరిగింది గానీ గింజకు గాటు కూడా పడలేదు.

రాజు కళ్ళు ఎర్రబడ్డాయి. "నా కొలువులో ఉండి, నా నీళ్ళు తాగనంటుందా? ఓబుళమ్మా! నీకు మూడు రోజులు గడువు. ఈ గింజను నానబెట్టి తీసుకురా. లేదంటే నా పొయ్యి వదిలి పో!" అన్నాడు.

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే. కానీ రాజుతో ఆ మాట అనేదెవరు?

మొదటి రోజు ఓబుళమ్మ ఆ గింజను వెండిగిన్నెలో బావినీళ్ళు పోసి నానబెట్టింది. నానలేదు. రెండో రోజు గోరువెచ్చని నీళ్ళు పోసింది. నానలేదు. మూడో రోజు కట్టెల బూడిద కలిపి తేర్చిన నీళ్ళు పోసింది. ఎంత మొండి గింజైనా ఆ తేటలో మెత్తబడాల్సిందే. సాయంత్రం మూత తీసి చూస్తే, ఆ గింజ గిన్నె అడుగున నల్లగా మెరుస్తూ అలాగే ఉంది.

భోగయ్య మెల్లగా దగ్గరికొచ్చాడు. "ఓబుళక్కా, ఎందుకింత గింజుకుంటావు? కుండలో నానినవి వేలున్నాయి. ఒకటి తీసి గిన్నెలో వెయ్యి. గింజకు పేరుందా, ఊరుందా? దొరకెట్లా తెలుస్తుంది?"

నిజమే. ఎవరికీ తెలియదు. ఓబుళమ్మ చెయ్యి నానిన గింజల దాకా వెళ్ళింది. ముప్పై ఏళ్ళ పొయ్యి అది. అది పోతే తల దాచుకునే చోటు కూడా లేదు. చెయ్యి అక్కడే ఆగింది.

"వద్దు భోగయ్యా. నాననిదాన్ని నానిందని చెబితే, రేపు ఈ కుండకు దండం పెట్టే ముఖం నాకుండదు" అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆమె వెండిగిన్నెతో వెళ్ళి రాజు ముందు నిలబడింది. "దొరా, మూడు విధాల చూశాను. నానలేదు. ఓడింది నేను, తప్పు గింజది కాదు" అంది.

రాజు కోపం తారస్థాయికి చేరింది. "అయితే నువ్వూ, ఇలాంటి నీ గింజలూ నా కోట దాటి పోండి!" అన్నాడు.

ఓబుళమ్మ పొయ్యికి ఒకసారి మొక్కింది. ఆ నానని గింజను కూడా ఉట్టి మీది కుండలో వేసి, కుండ చంకన పెట్టుకుని కోట దాటింది. ఎదురుగా ఓ రాళ్ళగుట్ట కనిపించింది. అక్కడ నాలుగు కొమ్మలు పాతి గుడిసె వేసుకుంది. పొయ్యి లేనిదానికి గింజలెందుకని గుట్ట వాలు మీద వాటన్నిటినీ చల్లి, పైన పిడికెడు పిడికెడు మట్టి కప్పింది. తర్వాత కూర్చుని కరువుతీరా ఏడ్చింది.

ఆ ఏడు మృగశిర కార్తెలో వాన పడింది. రైతులు సంబరపడి ఉలవలు చల్లారు. మూడు రోజుల్లో చేలన్నీ పచ్చబడ్డాయి. ఓబుళమ్మ గుట్ట మాత్రం బోడిగానే ఉంది. "అవ్వా, నీ మాట ఉత్తదేనా?" అనుకుంది. ఇంతలో వాన మొహం చాటేసింది. మొలకలన్నీ మలమల మాడిపోయాయి.

పుష్యమి కార్తెలో మళ్ళీ వాన పడింది. ఆశ చావక, మిగిలిన విత్తనమంతా ఊడ్చి చల్లారు. మళ్ళీ పచ్చబడింది, మళ్ళీ మాడింది. ఓబుళమ్మ గుట్ట మీద మట్టి గీకి చూసింది. గింజలు చల్లిన నాటిలాగే నల్లగా పడుకుని ఉన్నాయి. ఎండకు కాలుతున్నాయి. గాలికి కదిలే ఇసుక వాటిని రుద్దుతోంది. అవి మాత్రం ఉలకలేదు, పలకలేదు.

ఉత్తర కార్తెలో మూడో వాన వచ్చింది. అది వారం రోజులు ఆగకుండా కురిసి నేలను లోలోపలి దాకా తడిపింది. కానీ ఇప్పుడు చల్లడానికి రాజ్యంలో గింజ లేదు. రాజుగారి గాదెల్లో లేదు, రైతుల గరిసెల్లో లేదు. పొరుగు రాజ్యాల్లోనూ ఇదే గతి. జనం అడవిలో గడ్డలు తవ్వుకుని తిన్నారు. అదును పోతోంది. అన్నీ ఉండి కూడా ఏమీ చెయ్యలేక రాజు గుర్రమెక్కి తడిసిన బీళ్ళ వెంట తిరిగాడు.

ఒకచోట గుర్రం ఆగింది. చెవులు నిక్కించి సకిలించింది. కళ్ళెం లాగినా వినకుండా గుట్ట వైపు పరుగుతీసింది. ఉలవ వాసన గుర్రానికి తెలిసినంతగా రాజుకు తెలుస్తుందా?

గుట్ట ఎక్కి రాజు నోరు తెరిచాడు.

కనుచూపు మేరా బీడు. ఆ బీడు నడుమ ఆ ఒక్క వాలు మీద రాళ్ళ సందుల నిండా లేత ఉలవమొక్కలు. మూడేసి ఆకులు విప్పి, ఒక్కో ఆకు కొనన ఒక్కో నీటిబొట్టు నిలుపుకుని ఉన్నాయి. వాటి మధ్య ఓబుళమ్మ చేతులు జోడించి నిలబడి ఉంది. కుండ మూత తీసిన ప్రతి ఉదయంలాగే ఆమె కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"ఎవరు చల్లారివి?" అని రాజు గొంతు తగ్గించి అడిగాడు.

"తమరు వెళ్ళగొట్టినవే దొరా. మీ పన్ను విరిచింది కూడా ఇందులోనే ఎక్కడో ఉంటుంది."

"నా మాట వినలేదివి..."

"ఎవరి మాటా వినలేదు దొరా. మొదటి వాన పిలిచింది, పలకలేదు. రెండో వాన పిలిచింది, పలకలేదు. ఏది నిజమైన వానో ఈ చిన్న గింజకు చెప్పిందెవరో! ఉలవలతో ముప్పై ఏళ్ళు గడిపాను, నాకే తెలీదు."

రాజు చెప్పులు విడిచి, గుడిలో అడుగుపెట్టినట్టు ఆ మొక్కల్లో అడుగుపెట్టాడు. వంగి ఓ లేతాకును వేలితో తాకాడు. రాజ్యమంతా మొక్కే రాజు ఆ రోజు ఉలవమొక్కకు మొక్కాడు. చూసి నవ్వడానికి భోగయ్య అక్కడ లేడు గానీ, ఉన్నా నవ్వేవాడు కాదు.

ఆనాడు ఓబుళమ్మ వెండిగిన్నెలో వేరే గింజ వేసి ఉంటే, ఆ కుండ ఈనాటికీ ఉట్టి మీదే వేలాడుతుండేది.

గుట్ట మీది పంట కాసింది. రాజు ఒక్క గింజ కూడా వండనివ్వలేదు. ఇంటింటికీ దోసెడు చొప్పున విత్తనం పంచాడు. మరుసటి ఏడు చిత్రగిరి చేలన్నీ పచ్చబడ్డాయి. ఓబుళమ్మ పొయ్యి ఓబుళమ్మకు తిరిగి వచ్చింది.

కొత్త పంట మొలకలు పళ్ళెంలో పెట్టిన రోజు రాజు పిడికెడు నోట్లో వేసుకున్నాడు. కటుక్కుమంది! కొలువంతా ఊపిరి బిగబట్టింది. రాజు దవడ పట్టుకుని ఆ గింజను బయటికి తీశాడు. కడిగి, తుడిచి, కళ్ళకద్దుకున్నాడు.

"ఓబుళమ్మా, ఉట్టి మీది కుండ ఏది?" అన్నాడు.

ఆనాటి నుంచి ఆ రాజ్యంలో ప్రతి వంటింటా నానని గింజలకొక చిన్న కుండ ఉండేదట.

పిలవగానే లొంగనిదల్లా పనికిరానిది కాదు. తన కాలం కోసం ఓర్పుతో కాచుకున్నదే, అందరి కాలమూ చెడ్డనాడు అందరినీ కాపాడుతుంది.