గనిలోకి వచ్చిన చుట్టం

అప్పలకొండ ఇంట్లో అందరూ తెలివైనవాళ్ళే. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు గానీ అప్పలకొండ మాత్రం రోజూ అంటాడు. పెళ్ళాం పైడమ్మా, బావమరిది గుంపస్వామీ రోజూ ఒప్పుకుంటారు. అందుకే మూతబడ్డ గని అడుగున ప్రయోగశాల పెట్టిన సైంటిస్టు వసుధ ముగ్గురినీ కాపలాకి పెట్టుకుంటే వాళ్ళకేమీ ఆశ్చర్యం కలగలేదు.

అక్కడో ఇనప పెట్టె. లోపల మంచుకన్నా చల్లటి స్ఫటికం. పక్కనే చలి పుట్టించే యంత్రం, దాని హోరు.

"ఒక్క చుట్టం కోసం ఇన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నాను," అంది వసుధ. "కంటికి కనబడని కణం. కొండంతా దూసుకొచ్చి ఈ స్ఫటికాన్ని తాకితే ఎర్ర లైటు వెలుగుతుంది. వెంటనే నాకు ఫోన్ చెయ్యండి. పెట్టెకి వేడి తగలనివ్వకండి. తగిలితే నా బతుకంతా బూడిదలో పోసిన పన్నీరే."

అంతే, ఆ రోజు నుంచీ ముగ్గురూ చద్దన్నమే తిన్నారు. వేడన్నం తిని పెట్టె దగ్గరికి వెళ్తే ఎలా మరి!

ఒక మధ్యాహ్నం ఎర్ర లైటు వెలిగింది.

అప్పలకొండ చటుక్కున లేచి నిలబడ్డాడు. మేడంగారి చుట్టానికి మర్యాద తక్కువైతే తన పరువేం కావాలి? "రండి బాబూ, రండి!" అన్నాడు. పైడమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చింది. చుట్టం ఉలకలేదు, పలకలేదు.

"ఈ హోరులో ఆయన మాట ఏటి ఇనబడతాది బావా?" అన్నాడు గుంపస్వామి.

నిజమే కదా! అప్పలకొండ యంత్రం ఆపేశాడు. ఇంకేముంది, పెట్టె మీద వేడి చూపించే ముల్లు పైకి పాకింది. చుట్టానికి చలేస్తోందని పైడమ్మ పెట్టెకి రగ్గు కప్పింది. వేడి తగలకూడదన్నారని గుంపస్వామి రగ్గు మీద విసనకర్రతో విసిరాడు. అప్పుడు గుర్తొచ్చి అప్పలకొండ ఫోన్ చేశాడు.

"బయల్దేరాను! దేన్నీ చేత్తో ముట్టుకోకండి!" అని అరిచింది వసుధ.

సాయంత్రానికి పట్నం నుంచి వచ్చి, ఆనందంతో ఏడుస్తూ గనిలోకి దిగింది. "వచ్చిందా? నిజంగా వచ్చిందా?"

"ఒచ్చారమ్మా. మీరు ఊళ్ళో నేరని చెప్పి, రేపు రమ్మన్నాం," అన్నాడు అప్పలకొండ.

వసుధ పెట్టెలోకి చూసింది. ఖాళీ. అక్కడే కూలబడింది.

అప్పలకొండకి జాలేసింది. "బెంగెట్టుకోకండమ్మా. ఆ స్పటికం రాయిని చేత్తో ముట్టుకోనేదు, పట్టకారుతోనే తీసేం. ఆ పెద్దమనిషికి మళ్ళీ ఇంత లోతు దిగే కష్టం ఎందుకని, మా డాబా మీద వడియాల పక్కన ఎండలో పెట్టించేను!"