దివాను గారి దురద

వేగవరం సంస్థానంలో నూకాలు మంచాలకు నులక అల్లి బతికేది. ఆమె అల్లిన కొత్త మంచం మీద పడుకున్న దివాను రంగప్పయ్యకు తెల్లారేసరికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి.

“నీ నులకలో నల్లులున్నాయి. పొద్దుగూకేలోగా ఊరు విడిచిపో!” అని కచేరీలో అందరి ముందూ గోక్కుంటూ అరిచాడు.

నూకాలు ఎండబెట్టి, దులిపి, చేతులు బొబ్బలెక్కేలా అల్లిన నులక అది. కనీసం మంచం తిరగేసి చూసినవాడు లేడు.

“బాబూ, రేపటిదాకా గడువివ్వండి. ఆ మంచం మా ఇంటికి పంపండి. నేను పడుకుంటాను. నల్లులుంటే నన్నూ వదలవు కదా!” అంది.

మర్నాడు కచేరీకి వచ్చి చేతులు చాపి చూపించింది. ఒక్క దద్దురు లేదు. దివాను మాత్రం నిన్నటికంటే ఎక్కువగా గోక్కుంటున్నాడు.

“మంచం మా ఇంట్లో ఉంది. మరి రాత్రి తమ పక్కలో ఎవరు పడుకున్నారు బాబూ?”

“ఎవరూ లేరు! మొన్న రాజుగారు బహుమతిగా ఇచ్చిన వేటకుక్క తప్ప...” అంటూనే దివాను నాలిక్కరుచుకున్నాడు. కచేరీలో అందరూ నవ్వాపుకోలేకపోయారు.

“సరే, దానికి స్నానం చేయించండి” అని గొణిగాడు దివాను.

నూకాలు గొంతు పెంచింది. “పురుగులు నావనుకుంటే ఊరే విడిచిపొమ్మన్నారు. కుక్కవేనని తేలాక స్నానంతో సరిపోయిందా?”

దివాను తలదించుకుని ఉత్తర్వు రద్దు చేశాడు.