ఊడ్చే ముందు చూసిన ఉడుత

ఎర్రగుట్ట అడవిలో ఎండాకాలం గట్టెక్కాలంటే ఏ చెలమలో నీళ్లున్నాయో తెలియాలి. ఆ వివరాలన్నీ గుహలోని సర్వర్‌లో ఉండేవి. రోజూ వాటి నకలు, అంటే బ్యాకప్, ఒకటి పక్కనున్న డిస్కులోకి, ఇంకొకటి ఉడుత నీలవేణి చెట్టుతొర్రలోని చిన్న యంత్రంలోకి చేరేది. పాతవి పేరుకుపోయినప్పుడల్లా నీలవేణే కూర్చుని తుడిచేది.

"చీపురు పని! ఆడవాళ్ల చేతికి అందంగా ఉంటుంది," అనేవాడు సర్వర్ అధికారి నక్క జంబుకరావు.

నీలవేణి తోక విదిలించి, ఆ పని దానంతటదే జరిగిపోయేలా ఒక స్క్రిప్టు రాసింది. నెల దాటిన బ్యాకప్‌ను అది తుడిచేస్తుంది. కాకపోతే ముందు కొత్త బ్యాకప్ వచ్చిందా, సరిగ్గా తెరుచుకుంటోందా అని చూస్తుంది. లేదంటే పాతదాన్ని ముట్టుకోదు.

"మధ్యలో ఈ చూడటమెందుకు?" అన్నాడు నక్క.

"దీపాలు పెట్టాక ఊడ్చిన చెత్తను మా అమ్మ గుమ్మం దాటనిచ్చేది కాదండీ. తెల్లారాక వెలుతుర్లో చూసి పారబోసేది. ముక్కుపుడక పోయేది చెత్తలోనే కదా!"

"సర్వర్‌లో కూడా అమ్మలక్కల చాదస్తమేనా?"

నక్క స్క్రిప్టులోంచి ఆ చూసే నాలుగు వరుసలూ పీకేశాడు. మిగతాదాని మీద తన పేరు రాసుకుని, అడవి పెద్ద ఏనుగమ్మ దగ్గర మెప్పు కొట్టేశాడు. నీలవేణి ఏడవలేదు. తన స్క్రిప్టును ఉన్నదున్నట్టుగా తొర్రలోని యంత్రానికి పెట్టుకుంది.

కొన్నాళ్లకు రెండు చోట్లకూ బ్యాకప్‌లు మోసే తీగను ఎలుకలు కొరికేశాయి.

"కొత్తవి రావట్లేదు జంబుకరావు గారూ, ఒకసారి చూసుకోండి."

"నా డిస్కు అద్దంలా ఉంటే నీకెందుకమ్మా కడుపుమంట?"

నెల తిరిగేసరికి ఆ డిస్కు నిజంగానే అద్దంలా మెరిసింది. ఒక్క ఫైలు లేదు. సరిగ్గా అప్పుడే, చినుకైనా రాల్చకుండా పిడుగొకటి పడి సర్వర్ మాడిపోయింది. జింకపిల్లలూ ఏనుగు గున్నలూ నాలుకలు పిడచగట్టుకుపోయి గుహ ముందు చేరాయి.

"ఏమయ్యా, బ్యాకప్ తియ్యి," అంది ఏనుగమ్మ.

"అంతా శుభ్రంగా ఉందమ్మా..."

"శుభ్రం తాగుతారటయ్యా పిల్లలు?"

"నా తొర్రలో ఉందమ్మా," అంది నీలవేణి ముందుకొచ్చి. "కొత్తది రాలేదు గనక పాతది పోలేదు. నెల కిందటిదే. ఒకటో రెండో ఎండినా, మిగతా చెలమలు లేచి ఎక్కడికీ నడిచిపోవు కదా!"

చీకటి పడేలోగా పిల్లలన్నీ కడుపునిండా నీళ్లు తాగాయి.

"పాతదాన్ని పోనివ్వని ఈ స్క్రిప్టు రాసిందెవరు?" అడిగింది ఏనుగమ్మ.

"నేనే," అంది నీలవేణి, తలెత్తి, అడవంతా వినేలా.

"అందులో నా చెయ్యి కూడా కొంత..." గొణిగాడు నక్క.

"ఆయన రాసినవి లేవమ్మా. పీకినవి ఉన్నాయి, నాలుగు వరుసలు."

అడవి గొల్లున నవ్వింది. మర్నాటి నుంచి సర్వర్ పెత్తనం నీలవేణిది, గుహ ఊడ్చే పని జంబుకరావుది. చెత్త ఎత్తేముందు రోజూ ఆమెకు చూపించి మరీ పారబొయ్యాలి.

ఊడ్చే పనిని చులకన చేసేవాడి చేతిలో పెడితే ఇల్లూ మిగలదు, అడవీ మిగలదు.