కాటుక పెత్తనం

అనగనగా ఒక రాజు. ఇది ఆ రాజుగారి కథ కాదర్రా, ఆయన గుర్రపుసాల గోడలో కాపురమున్న చీమల కథ.

ఆ చీమలకు ఆజ్ఞలిచ్చేవారు లేరు. దారిలో ఎదురుపడితే ముఖాలు తాకించుకుని, "వదినా, అటు తడి," "పిన్నీ, ఇటు నూకలు," అని చెప్పుకునేవి. ఆ చిన్న మాటలతోనే పొద్దెక్కేసరికి చక్కని బారు తీరేది.

వాటిలో కాటుక అనే చీమ ఓనాడు రాజుగారి కవాతు చూసి, తనవాళ్ల తీరుకు సిగ్గుపడిపోయింది. "ఒక్కడు చెబితే అంత సైన్యం నడుస్తోంది. మనవేమో అడుగడుగునా కబుర్లు!" అంది.

"నువ్వే సేనాపతివి కావే అక్కా! గుర్రాన్ని మాత్రం మేం తేలేం," అని నవ్వింది చెల్లెలు రవ్వ.

ఇంతలో మబ్బు కమ్మింది. వాన గూట్లోకి రాకముందే గుడ్లను పైనున్న దూలం మీదికి చేర్చాలి. కాటుక గోడమీద ఎత్తుగా నిలబడి మూడు ఆజ్ఞలు వేసింది. బారు తప్పకూడదు. తను చూపిన దారే నడవాలి. ఎదురైనవాళ్లతో ఆగి మాటాడకూడదు.

కవాతు చూసొచ్చినది చెప్పింది కదా అని అన్నీ తలొంచాయి. బారు గీత గీసినట్టు సాగింది. కాటుక మురిసిపోయింది.

చినుకులు మొదలయ్యాయి. చూరునీళ్లు ఆ దారికి అడ్డంగా కారసాగాయి. దూలం మీద గుడ్డు దించి తిరిగొస్తున్న రవ్వ అది చూసి, ధార ఇంకా సన్నగా ఉండగానే దాటేసింది. ఎదురొచ్చేవాళ్లకు చెప్పబోయి, అక్కవైపు చూసి, మాట మింగి సాగిపోయింది.

బారు తిన్నగా నీళ్లలోకి నడిచింది. ముందున్నవి గుడ్లతో సహా కొట్టుకుపోయాయి.

"ఆగండి! ఆగండి!" అని కాటుక అరిచింది. వానహోరులో ఒక్క గొంతు ఎంతదూరం పోతుంది?

రవ్వ ఇక ఉండబట్టలేకపోయింది. ఎదురొచ్చిన చీమకు ముఖం తాకించి, "అత్తా, అటు పోతే చావే! కిటికీ మీదుగా పద," అంది. ఆ అత్త వెనకదానికి చెప్పింది. అది ఇంకోదానికి. ఎవరూ ఆజ్ఞాపించకుండానే బారు వంగి, కిటికీ చుట్టి, దూలమెక్కింది. మిగిలిన గుడ్లు దేవుడి దయవల్ల దక్కాయి.

కాటుక ఓ మూల నక్కింది. ఎవరైనా నాలుగు తిడితే బాగుండునని ఎదురుచూసింది. ఎవరూ తిట్టలేదు. గుడ్లు పోగొట్టుకున్న ముసలి చీమ ఒకటి దగ్గరకొచ్చి, ముఖం తాకించి, "తల్లీ, ఆ మూల చెమ్మ దిగుతోంది. ఇటు రా," అంది.

కాటుక తలెత్తలేకపోయింది. "అవ్వా, మీ నోళ్లు నొక్కింది నేనే."

"తెలుసు. ముందు ఇటు జరుగు."

పదిమంది మాట పదిమందికీ చేరేచోట దారి దానంతటదే ఏర్పడుతుంది. ఆ మాటను నొక్కేసిన పెత్తనానికి చివరికి దక్కేది తలవంపే.