పెంతెకొస్తు కోళ్ళు

జ్ఞానరత్నానికి ఆ ఆదివారం ఒకటే బెంగ. ఆత్మ దిగివచ్చి శిష్యులు పలు భాషల్లో మాట్లాడిన పెంతెకొస్తు పండుగకు బిషప్పుగారు వస్తున్నారు. ఆయన మెచ్చుకుంటే ఇతనికి పాస్టరుగా అభిషేకం. సంఘం చూస్తే కొండ దిగి వచ్చే సవరలు, సరిహద్దు దాటి వచ్చే ఒడియావాళ్ళు, ఊళ్ళో తెలుగువాళ్ళు. ప్రార్థన మొదలైతే ఎవరి గోల వాళ్ళది.

అందుకని పుస్తకాల తెలుగులో ఓ ప్రార్థన రాసి, నెలరోజులుగా అందరిచేతా వల్లె వేయిస్తున్నాడు. ఓ బెత్తం కూడా సంపాదించాడు. సవర సోంబారమ్మకు ఎంతకీ నోరు తిరగలేదు. "నా మాట దేవుడికి రాదేటి బాబూ?" అని అడిగి, ఆనాటి నుంచి గుమ్మం దగ్గర నోరు మూసుకుని కూర్చుంటోంది. పాపం, పాటలప్పుడు కూడా పెదవి కదపడంలేదు.

"ఆత్మ ఒక్కటే అయినప్పుడు ప్రార్థన కూడా ఒక్కటే ఉండాలి కదా, అయ్యగారూ?" అన్నాడు జ్ఞానరత్నం ఆ ఉదయం.

పెద్ద పాస్టరు యోవేలు అయ్యగారు పండుగ కానుకగా ఇంటికొకటి చొప్పున వచ్చిన కోళ్ళ గంపను కాలితో తన్నారు. పొరపాటున తగిలిందనుకోవడానికి వీల్లేదు, రెండోసారి కూడా తన్నారు.

కోళ్ళన్నీ గుడిలోకి దూరాయి. ఒకటి ప్రసంగవేదిక ఎక్కింది. ఒకటి బిషప్పుగారి కుర్చీలో కూర్చుని పని కానిచ్చేసింది.

"అయ్యగారూ! బిషప్పుగారి జీపు వంతెన దాటిందట!" జ్ఞానరత్నం కంగారుపడ్డాడు.

"నీకు పద్ధతి తెలుసుగా. అందరిచేతా కోళ్ళను పిలిపించు."

జ్ఞానరత్నం బెత్తం ఎత్తాడు. "అందరూ ఒక్క గొంతుతో!"

సంఘమంతా ఒక్కసారిగా "బా బా బా" అని అరిచింది. కోళ్ళు హడలిపోయి దూలాలెక్కాయి. కుర్చీలోది మాత్రం కదల్లేదు.

"ఎవరి కోడిని వాళ్ళు పిలుచుకోండమ్మా," అన్నారు అయ్యగారు.

సరిహద్దు అవతలి సుభద్ర ఒడియాలో ముద్దు చేసింది. సోంబారమ్మ గుమ్మం దగ్గర్నుంచే నాలుకతో టక్ టక్‌మనిపించి, సవరలో ఏదో అంది. గుడిలో ఆ గొంతు వినపడి ఎన్నాళ్ళయిందో. కోళ్ళు ఒక్కొక్కటే దిగి, పిలిచినవాళ్ళ చేతుల్లోంచి గంపలోకి చేరాయి.

ఇక మిగిలింది కుర్చీలోది. అది జ్ఞానరత్నం వాళ్ళమ్మ పంపిన పెట్ట.

"ఇటు రమ్ము," అన్నాడతను. అది తల తిప్పుకుంది.

బయట హారన్ మోగింది. జ్ఞానరత్నం చుట్టూ చూశాడు, చెమట తుడుచుకున్నాడు, తెల్లంగీతో నేలమీద చతికిలబడ్డాడు. పట్నం చదువుకెళ్ళాక ఒక్కనాడూ నోట రానివ్వని యాస తన్నుకొచ్చింది.

"ఓలమ్మా, నా తల్లీ, రాయే! బూ బూ బూ!"

పెట్ట ఎగిరొచ్చి ఒళ్ళో వాలింది. సంఘమంతా పగలబడి నవ్వింది. సోంబారమ్మ కూడా నవ్వింది.

అయ్యగారు తువ్వాలుతో కుర్చీ తుడుస్తున్నారు. "ఇన్ని పిలుపులకి గంపలెన్ని పట్టాయోయ్?" అని మాత్రం అడిగారు.

జ్ఞానరత్నం లేచాడు. బిషప్పుగారు లోపల అడుగుపెట్టేసరికి, అతను చంకలో కోడితో సోంబారమ్మ ముందు నిలబడి ఉన్నాడు.

"మామ్మా, మొదటి ప్రార్థన నువ్వే సెయ్యి. నీ మాటలోనే."