పక్క సీటు బరువు

నేను చెప్పబోయేదంతా అక్షరాలా నిజం. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా పెట్టుడు పళ్ళు ముప్పై రెండూ ఊడి ఈ కాగితం మీదే పడాలి.

విశాఖపట్నం అల్లిపురంలో నూకయ్య మేస్త్రీకి కార్ల షెడ్డు ఉంది. ఆయన్ని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, చేతికి స్పానరు ఇస్తాడు. మనుషుల మాట ఆయన చెవికెక్కదు. పక్కన పిడుగు పడ్డా "ఎవరమ్మా?" అంటాడు. కానీ భీమిలిలో ఏ కారు దగ్గినా అల్లిపురంలో కూర్చుని దాని జబ్బు చెప్తాడు.

మా ఆయన ఓడ ఇంజినీరుగా ఉన్న రోజుల్లో కొన్న ఎర్ర స్పోర్ట్స్ కారును ఈ మేస్త్రీ దగ్గరికే చేర్చాను. దానికి రెండే సీట్లు. మేమిద్దరం బీచి రోడ్డు మీద వెళ్తుంటే మా నీడలు మమ్మల్ని అందుకోలేక రుషికొండ దగ్గర చతికిలబడిపోయేవి. మా ఆయన పోయి పదకొండేళ్ళయింది. అన్నాళ్ళూ కారు కదలలేదు. ఇంజిన్లోకి పెట్రోలు చిమ్మే వేలెడంత ఇంజెక్టర్లు ఆరూ జిగురు కట్టి మూసుకుపోయాయి. నేను పోయేలోగా ఆ ఇంజిను గొంతు ఒక్కసారి వినాలని సముద్రాల అవతల నుంచి కొత్తవి తెప్పించాను. పక్క సీటు మాత్రం నాది. అందులో ఇంకెవరూ కూర్చోకుండా నా సంచీ దాని మీద పెట్టి, నేను షెడ్డులో స్టూలు మీద కూర్చున్నాను.

పని చేస్తున్నది మేస్త్రీ శిష్యుడు దాలినాయుడు. ముప్పై అయిదేళ్ళవాడు, మంచి పనిమంతుడు. అతని భార్య పైడితల్లి వానాకాలంలో తగరపువలస పుట్టింటికి వెళ్ళి, మామిడిపళ్ళ రోజులొచ్చినా తిరిగి రాలేదు. అతని నిట్టూర్పులతో షెడ్డులో టైర్లన్నీ నింపుకోవచ్చు. ఆ పొద్దున పాత ఇంజెక్టరు ఊడదీస్తూ ఉన్నట్టుండి అడిగాడు.

"గురువుగారూ, పలకని మనిషి మీద ఎన్నాళ్ళు ఆశ పెట్టుకోవాలి?"

మేస్త్రీ అతని చేతికి స్పానరు ఇచ్చాడు. నేను ఊరుకుంటానా? "ఏం నాయనా, తీసుకురావడానికి వెళ్ళలేదా?" అన్నాను.

"మా బావ చేత కబురంపానండి. రోజూ ఫోన్ చేస్తానండి. ఎత్తుతుంది, ఊపిరి వినిపిస్తుంది, మాట మాత్రం రాదు. ఇంకేటి చెయ్యాలి? వాళ్ళ గుమ్మం నేనెందుకు తొక్కాలి?"

"తొక్కకు బాబూ, గుమ్మం అరిగిపోగలదు."

మేస్త్రీ ఇదేమీ విననట్టే ఉండి, "కొత్త ఇంజెక్టర్ల రబ్బరు రింగులకి నూనె రాసి ఎక్కించు. పొడిగా తొయ్యకు," అన్నాడు.

ఆరూ ఎక్కాయి. తాళం తిప్పగానే ఇంజిను లేచింది. నా గుండె కూడా లేచి అల్లిపురం రెండుసార్లు చుట్టి వచ్చింది. కానీ ఆ గొంతు నాకు తెలిసిన గొంతు కాదు, కుంటుతోంది. దాలినాయుడు పొడవాటి స్క్రూడ్రైవరు కొనను ఒక్కో ఇంజెక్టరు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. అయిదు టిక్కుటిక్కుమంటున్నాయి. ఆరోది నోరు విప్పలేదు.

"ఇది చచ్చుదండి," అన్నాడు. "పేరుకే కొత్తది. పారేసి ఇంకోటి తెప్పించుకోవాలి."

మేస్త్రీ లేచి వచ్చాడు. ఆ ఇంజెక్టరు నెత్తిన కరెంటు తెచ్చే తీగ ప్లగ్గు ఉంది. పైకి చూస్తే కలిసే ఉంది. దాని మీద బొటనవేలు పెట్టి మెల్లగా నొక్కాడు. ప్లగ్గు వెంట్రుకవాసి లోపలికి దిగింది. ఇంజిను కుంటడం మానేసింది.

స్క్రూడ్రైవరు పిడి శిష్యుడి చెవికి పెట్టి, "విను," అన్నాడు.

దాలినాయుడు విన్నాడు. పని అయిపోయాక కూడా చాలాసేపు అలాగే వంగి వింటూ ఉండిపోయాడు.

"ఇందాక ఇది పలకలేదండి."

"పలకడం దానికి రాకేం. పిలుపు దాని దాకా పోలేదు."

ఇంజిను ఇప్పుడు నిండుగా మోగుతోంది. హార్బరు గేటు బయట మా ఆయన నా కోసం ఇంజిను ఆపకుండా కారు నిలబెట్టిన నాటి గొంతు అది. నేను ఏడ్చాను. ఈ ఒక్కచోట మాత్రం కొంచెం తగ్గించి చెప్తున్నాను.

మేస్త్రీ నా వైపు తిరిగి, "అమ్మగారూ, ఆ సీటు మీది సంచీ ఒకసారి తీస్తారా?" అని అడిగాడు.

పదకొండేళ్ళుగా ఎవరికీ ఇవ్వని సీటు. ఎందుకని అడగబోయి, దాలినాయుడి మొహం చూసి, సంచీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

మేస్త్రీ అతని మీదికి పాత గుడ్డ ఒకటి విసిరాడు. "చేతులు తుడుచుకో. ఎండాడ ఎత్తు మీదుగా తగరపువలస దాకా ట్రయల్ కొట్టి రా."

"అంత దూరమెందుకండీ? బీచి దాకా చాలదా?"

"ఒక్కడి బరువు మీద ఇంజెక్టర్ల సంగతి తేలదురా. తిరిగొచ్చేటప్పుడు ఎలా లాగిందో చూసి చెప్పు."