నీడలో ఎండిన వడియాలు

రెంటచింతలలో వర్ధనమ్మ అనే ఆవిడ ఉండేది. పెట్టే చెయ్యే గానీ, తన కంటికి కనబడని కష్టం అసలు కష్టమే కాదనుకునేది.

రెంటచింతల ఎండల సంగతి వేరే చెప్పాలా! వేసవిలో అక్కడ కాకులు కూడా కుళాయి దగ్గరే కాపురం పెడతాయి. అలాంటి ఊళ్లో వర్ధనమ్మ ఇల్లు మాత్రం చల్లగా ఉండేది. "మాకు ఏసీ ఎందుకండీ? మా గోడల్లోనే ఉంది చలవ" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నిజానికి ఆ చలవ గోడల్లో లేదు. ఆమె ఉండేది కింది వాటాలో. పై వాటాలో కోటేశు, శేషకుమారి అనే దంపతులు అయిదు నెలల పాపతో అద్దెకుండేవారు. పడే ఎండంతా వాళ్ల కప్పు మీదే పడేది. ఆ సంగతి ఆమెకు ఎన్నడూ తట్టలేదు.

వర్ధనమ్మ పెట్టే గుమ్మడి వడియాలకు ఊళ్లో మంచి పేరు. మేడ మీద కాలు పెడితే చురుక్కుమనాలి, అప్పుడే వడియం వడియంలా ఎండుతుందని ఆమె నమ్మకం. డబ్బా నిండగానే మొదటి గుప్పెడు పై వాటాకే పంపేది. ఆమెను పిసినిగొట్టు అని ఎవరూ అనలేరు.

కోటేశు మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో పని చేసేవాడు. ఎండలు ముదరకముందే ఒకరోజు వచ్చి అడిగాడు.

"పిన్నిగారూ, మేడ మీద సున్నం పూస్తానండీ. మా కోల్డ్ స్టోరేజీ కప్పుకు ఏటా పూస్తారు. తెల్లగా ఉంటే వేడి అంతగా పట్టదంట, లోపల మిషన్లకు కరెంటు కూడా తక్కువ కాలుద్ది. సున్నం నేనే తెస్తా, పని కూడా నేనే చేసుకుంటా."

"సున్నం పూస్తే మేడ చల్లబడుద్ది కదా?"

"అందుకేగదండీ!"

"మేడ చల్లబడితే నా వడియాలు ఎట్టా ఎండుతాయి నాయనా?"

వేళాకోళమనుకుని కోటేశు నవ్వాడు. ఆమె నవ్వలేదు. "మిరపకాయలకున్న యోగం నా బిడ్డకు లేదు" అని గొణుక్కుంటూ అతను మెట్లెక్కాడు. ఈ కాలం పిల్లలకు ఓర్పు లేదు, ఫానుంది, కూలరుంది, ఇంకేం కావాలి అనుకుని వర్ధనమ్మ తన చల్లని గదిలో కునుకు తీసింది.

మే నెల వచ్చింది. మాచర్లలో ఆమె చెల్లెలి కూతురి పెళ్లి కుదిరింది. సారెలోకి వడియాలు తానే పెడతానని వర్ధనమ్మ మాటిచ్చింది. పెట్టింది. ఒక ఎండ తగిలింది, ఇంకొక ఎండ తగలాలి. ఇంతలో పెళ్లి బట్టలు కొనాలని చెల్లెలు కబురు పెట్టింది. "అమ్మాయ్, కాస్త వడియాలు చూస్తుండు" అని శేషకుమారికి అప్పగించి ఆమె మాచర్ల బస్సెక్కింది.

సాయంత్రం తిరిగొచ్చి మేడెక్కితే అక్కడ గుడ్డా లేదు, వడియాలూ లేవు.

"కోతుల మంద వచ్చిందండీ" అంది శేషకుమారి గుమ్మంలో నిలబడి. "కర్రకు కూడా బెదరలేదు. అందుకని పొద్దున్నే గుడ్డతో సహా గదిలోకి లాక్కొచ్చేశా."

వర్ధనమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "నీడలో పెట్టావా! ఇంకా పచ్చి ఆరని వడియాలు! బూజు పడితే పెళ్లివాళ్లకు నా మొహం ఎట్టా చూపించను? పిల్లనెత్తుకుని కూర్చోవడం తప్ప ఒక్క పనీ రాదా నీకు?"

శేషకుమారి కళ్లు తుడుచుకుంది. "పాడవలేదు పిన్నిగారూ. లోపలే ఎండిపోయాయి. వచ్చి చూడండి."

వేసవిలో ఆ గదిలోకి వర్ధనమ్మ అడుగు పెట్టడం అదే మొదలు. గడపలోనే సెగ మొహాన కొట్టింది. నేల మీద తెల్లగుడ్డ, దాని నిండా వడియాలు ఉన్నాయి. ఒకటి తీసి విరిచింది. పుటుక్కుమంది. ఆ గుడ్డ పక్కనే, తడి తువ్వాలు మీద పాప పడుకుని ఉంది. ఒళ్లంతా చెమటకాయలు. ఏడ్చే ఓపిక కూడా లేదు. వర్ధనమ్మ పాప తల నిమిరింది. మాడు గుంటపడి ఉంది. ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి, బిడ్డ ఒంట్లో నీరు ఇంకిపోయిందని ఆమెకు వెంటనే తెలిసింది.

"ఎప్పట్నుంచే ఇట్టా ఉంది?"

"పొద్దుట్నుంచీ పాలు తాగడం లేదండీ. ఎండలు గదా, రోజూ ఇంతేలే అనుకున్నా."

వర్ధనమ్మకు తల కొట్టేసినట్టయింది. వడియాలు ఎండిన గదిలోనే ఆ బిడ్డా రోజంతా ఉంది. నిన్నా ఉంది, మొన్నా ఉంది. విరిచిన వడియం ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని అక్కడే పడేసి, పాపను గుండెకు హత్తుకుని గబగబా మెట్లు దిగింది. తల్లిని వెంటబెట్టుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరు సెలైను పెట్టించి కసిరాడు. "పసిదాన్ని ఎక్కడ పడుకోబెడుతున్నారమ్మా, పొయ్యి మీదా? ఇంకాస్త ఆలస్యమైతే చేతికి దక్కేది కాదు."

శేషకుమారి ఏదో చెప్పబోయింది. వర్ధనమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "నా ఇంట్లోనే నాయనా" అని తల దించుకుంది.

పాప తేరుకుంది. కొన్నాళ్లు తల్లీబిడ్డా కింది గదిలోనే ఉన్నారు. కోటేశు సున్నం తెచ్చాడు. వర్ధనమ్మ మోకాళ్ల నొప్పులతోనే మేడెక్కి, సున్నం కలిపి, అతనికి బకెట్లు అందించింది. అతను బకెట్టు అందుకుని తన పని తాను చేసుకుపోయాడు. తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది.

పెళ్లింట్లో చెల్లెలు సారె విప్పి మురిసిపోయింది. "వడియాలు ఎంత బాగా ఎండాయే అక్కా! ఎక్కడ ఎండబెట్టావు?"

"పసిపిల్ల పడుకునే గదిలో" అంది వర్ధనమ్మ. బంధువులందరి ముందే జరిగిందంతా చెప్పింది. చెబుతూ ఏడ్చింది.

తర్వాత ఆమె మళ్లీ వడియాలు పెట్టింది. సున్నం పూసిన మేడ మీద నులకమంచం వేసి, దాని మీద గుడ్డ పరిచింది. అవీ ఎండాయి. ఒక్క రోజు ఆలస్యమైంది, అంతే.

"ఇప్పుడు గది హాయిగా ఉంది పిన్నిగారూ. పాప కూడా బాగా నిద్రపోతోంది. అంతా మీ చలవే" అంది శేషకుమారి.

"ఆ మాట అనకే తల్లీ" అంది వర్ధనమ్మ. డబ్బాలోని వడియాల వంక చూసింది. "ఒక్క రోజు కోసమే నేను నీ బిడ్డను..." మాట సగంలోనే వదిలేసి పాపను ఎత్తుకుంది.

మన ఇల్లు చల్లగా ఉందని మురిసిపోయే ముందు, ఆ ఎండను మన బదులు ఎవరు మోస్తున్నారో మెట్లెక్కి చూసి రావాలి.